తప్పొప్పుల పట్టిక

శాసనసభలో ఎవరేం కూసినా పొల్లుపోకుండా రాసుకోవడం ఆమె ఉద్యోగం. పదహారేళ్ళుగా రాస్తోంది. ఎన్ని అబద్ధాలు రాసిందో ఆ వేళ్ళకే తెలుసు.

గత వారం ఆమె బావ, అంటే సొంత అక్క మొగుడు, ప్రతిపక్ష ఎమ్మెల్యే, సభలో బల్ల గుద్దాడు. "మా ఊరి ఆసుపత్రిలో ఉన్న డయాలసిస్ మిషన్లు రాజధానికి తరలిస్తామంటే నేను ఒప్పుకోను!" వారానికి రెండుసార్లు ఆ మిషన్ల మీదే ఆమె తల్లి ప్రాణం నిలుస్తోంది. ఛీ, ఆ నోటిని నమ్మింది!

నాలుగు రోజులు తిరక్కుండానే బావ గోడ దూకి పాలకపక్షంలో పడ్డాడు. అతనికిది మూడో పార్టీ. చొక్కా మీద బిళ్ళ మారింది, ఇకిలింపు మారలేదు. ఆరోగ్య మంత్రి పదవి ఖాయమన్నారు.

శుక్రవారం ఆ వారం ప్రసంగాల పుస్తకం అచ్చుకు వెళ్ళాలి. గురువారం మధ్యాహ్నం బావ ఆమె గదికి వచ్చి, ఫైళ్ళు పక్కకు నెట్టి బల్ల మీదే కూర్చున్నాడు.

"మరదలా, చిన్న తప్పు దొర్లింది. 'ఒప్పుకోను' అని పడింది. నేనన్నది 'ఒప్పుకున్నాను' అని."

"నా చెవులు బాగానే ఉన్నాయి బావా."

"అబ్బా, ఒక్క ముక్క మారిస్తే నీ సొమ్మేం పోయింది? ప్రమాణం చేసిన రోజే అవతలివాళ్ళు ఆ పేజీ పట్టుకుని నన్ను ఉతికి ఆరేస్తారు."

"మరి అమ్మ సంగతి?"

"కారు పంపిస్తాగా. రాజధానికి తీసుకురండి."

"ఆరు గంటల ప్రయాణం. వారానికి రెండుసార్లు. దారిలోనే పోతుంది."

"ఎప్పుడూ పాడు మాటలే నీవి! సోమవారం మిషన్లు లారీ ఎక్కుతాయి. నేను కాదంటే ఆగుతాయా? నా పదవి పోతుంది, అంతే. మీ అక్క మంత్రి పెళ్ళాం కావడం నీకిష్టం లేదా?"

ఆమె సొరుగు లాగి సవరణ చీటీ అతని ముందు పెట్టింది. "నీ చేత్తోనే రాసి సంతకం పెట్టు."

రాశాడు. కింది నిబంధన చదవకుండానే సంతకం గీకాడు. "బంగారు తల్లివే!" అంటూ వెళ్ళిపోయాడు.

పదిహేనేళ్ళు సభలో కునుకు తీస్తూ ఆ ప్రసంగాల పుస్తకం ఒక్కసారీ తెరవని మనిషి. గుణింతం తప్పయితే లోపలే దిద్దుతారు. అర్థమే తిరగబడితే లోపలి మాట కదలదు. సవరణ అడిగిన సభ్యుడి పేరుతో సహా పుస్తకం చివర తప్పొప్పుల పట్టికలో పడుతుంది. నియమం అదే. ఆమె దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది.

అచ్చయింది. తప్పు: ఒప్పుకోను. ఒప్పు: ఒప్పుకున్నాను. పక్కన బావ పేరు.

ఆ పేజీని ఆమె ఊరి ఆసుపత్రిలోని డయాలసిస్ నర్సుకు పంపింది. నర్సు వంద కాపీలు తీయించి గేటు నుంచి వార్డుల దాకా అంటించింది. సోమవారం లారీ వచ్చేసరికి రోగులూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ గేటుకు అడ్డంగా కూర్చున్నారు.

బావ ఫోన్ చేశాడు. "కొంప ముంచావు కదే!"

"రాతా నీదే, సంతకమూ నీదే బావా."

మూడో రోజుకు ప్రభుత్వం తోక ముడిచింది. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. అది మలుపు తిరిగిందో లేదో, బావ కెమెరాలను వెంటేసుకుని దిగాడు. అతని మనుషులు అప్పటికే గేటు మీదా వార్డుల్లోనూ ఉన్న కాగితాలు గీకేశారు.

"చూశారా! ఒప్పుకోనన్నాను, ఒప్పుకోలేదు!"

మూడు రోజులు ఎండలో మాడినవాళ్ళలోనే కొందరు చప్పట్లు కొట్టారు. టీవీలో చూస్తున్న ఆమెకు వాడి మీద పుట్టిన అసహ్యం ఒక ఎత్తు, ఆ చప్పట్ల మీద పుట్టింది ఇంకో ఎత్తు. మర్నాడే వాడు మంత్రిగా ప్రమాణం చేశాడు.

శనివారం ఆమె ఊరికి వెళ్ళింది. చేతికి గొట్టాలతో, మిషన్ పక్కన పడుకుని తల్లి నవ్వింది.

"అల్లుడే ఆపించాడటగా? టీవీలో చూశాను."

"వాడు కాదమ్మా."

"వాడేంటే, అక్క మొగుణ్ణి పట్టుకుని! నీకు మొదటినుంచీ అతనంటే పడదు."

మిషన్ తిరుగుతూనే ఉంది. ఆమె తల్లి కాళ్ళ మీద దుప్పటి సర్ది, స్టూలు లాక్కుని కూర్చుంది.