అన్నయ్య లాగిన్

మా ఆసుపత్రి సర్వర్‌ను అన్నయ్య చూసుకునేవాడు. ఒకరోజు పని మధ్యలో ఛాతీ పట్టుకుని లేచి వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఆ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. అతను తెరిచిన లాగిన్ మాత్రం అలాగే ఉండిపోయింది. లోపల ఎవరెవరున్నారని అడిగితే, సర్వర్ ఇప్పటికీ నా పేరు పక్కన అన్నయ్య పేరు చూపిస్తుంది. అతను పోయాడని దానికెవరు చెబుతారు?

కింద మందుల కౌంటర్‌లో పనిచేసే వదిన మధ్యాహ్నం ఖాళీ దొరకగానే పైకి వస్తుంది.

"మీ అన్నయ్య ఉన్నారా?"

"ఎక్కడికి పోతాడు, మొండిఘటం!"

ఆ పేరు చూస్తూ కాసేపు కూర్చుని వెళ్తుంది.

ఈరోజు సర్వర్‌లోకి బయటివాళ్లు చొరబడకుండా కాపాడే అప్‌డేట్లు ఎక్కించాను. అన్నీ పూర్తయ్యాయని తెర మీద వచ్చింది. ఆ మాట నమ్మి ఊరుకుంటే నేను అన్నయ్య చెల్లెల్ని ఎలా అవుతాను? అసలు నడుస్తున్న వెర్షన్ ఏదో చూశాను. పాతదే. రీస్టార్ట్ చేస్తే తప్ప కొత్తది పనిలోకి రాదు. చేస్తే తెరిచి ఉన్న లాగిన్లన్నీ మూసుకుపోతాయి, అన్నయ్య పేరు పోతుంది. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియదు.

వదిన రాగానే చెప్పేశాను. నాన్చడం నాకు చేతకాదు.

"చెయ్యకపోతే ఏమవుతుంది?" అంది.

"కొత్త తాళం కొని బీరువాలో దాచుకున్నట్టు. తలుపుకి పాతదే వేలాడుతుంది."

"పేషెంట్ల వివరాలన్నీ అందులోనేగా?"

"అందులోనే."

వదిన ఆ పేరు వంక చూసింది. "కానివ్వు. తెలిసీ ఊరుకున్నామంటే మీ అన్నయ్య మనిద్దరికీ చీవాట్లు పెట్టేవారు."

అన్ని విభాగాలకూ కాసేపు ఆగమని ఫోన్ చేశాను. తీరా చూస్తే నాకు నోరున్నంత ధైర్యం లేదు, వేలు కదలనంది. వదిన నా చేతి మీద చెయ్యి వేసింది. ఇద్దరం కలిసి నొక్కాం.

తెర నల్లబడింది. మళ్లీ వెలిగాక ఒక్కొక్కటే చూశాను. కొత్త వెర్షనే నడుస్తోంది. మిగిలిపోయిన అప్‌డేట్ ఏదీ లేదు. కింద బిల్లులు మామూలుగా వస్తున్నాయి. లోపల నేనొక్కదాన్నే ఉన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"మొత్తం ఎక్కిందా?" వదిన అడిగింది.

"ఎక్కింది వదినా."

"ఇంకోసారి చూడు."

చూశాను. ఎక్కింది.

వదిన కళ్లు తుడుచుకుని లేచింది. "రేపట్నుంచి నువ్వే కిందికి రా. ఈ గదిలో ఏసీ నాకసలు పడదు, కాళ్లు కొంకర్లు పోతాయి."

ఇన్నాళ్లూ ఆ చలిలోనే కూర్చుంది. ఒక్కరోజు కూడా అనలేదు.