గుమ్మంలో ఒక్క నిమిషం

పొద్దున్న ఏడుంపావుకి ఆ ఇంట్లో పనులన్నీ ఒకే వరసలో జరిగేవి. ముందు అత్తగారు కిటికీ తెరిచేవారు. తరవాత మనవరాలు పిడుగు, గ్లాసులో పాలు సగం తాగి, మిగతా సగం తల్లి చెప్పులకి తాగించేది. తల్లి ఆ చెప్పులు కడిగి, తడి చెప్పుల్లోనే కాళ్లు పెట్టి, సంచి భుజాన వేసుకుని గుమ్మంలో వంగేది. కూతురి ముక్కు మీద ముద్దు పెట్టి, "ఒక్క నిమిషం తల్లీ, ఇప్పుడే వచ్చేస్తా" అనేది. పిడుగు "ఊఁ" అనేది. అన్నది అన్నట్టే ఆగిపోయేది.

కాలెత్తి ఉంటే ఆ కాలు గాల్లోనే. నోట్లో బ్రెడ్డు ముక్క ఉంటే బుగ్గలోనే. ఫ్యాను గిర్రున తిరుగుతున్నా జుట్టు మాత్రం కదిలేది కాదు. సాయంత్రం అయిదున్నరకి తల్లి వచ్చి తలుపు తోసేసరికి ఎత్తిన కాలు దింపేది, బుగ్గలోది నమిలేది, "వచ్చేశావా" అనేది. ఆ పిల్లకి నిజంగానే ఒక్క నిమిషం అయ్యేది.

ఈ మధ్యలో అత్తగారు తన పనులు తాను చేసుకునేవారు. సామాన్లు దులిపేటప్పుడు పిడుగు భుజాల మీద కూడా ఓసారి గుడ్డ ఆడించేవారు. మధ్యాహ్నం కిటికీ ఎండ పిల్ల దాకా పాకే వేళకి, చంకల కింద చేతులు వేసి రెండడుగులు నీడలోకి జరిపి, మళ్లీ కునుకు తీసేవారు. కింది వాటాలో ఉండే కవలపిల్లల తల్లి ఏ పంచదారకో పైకొచ్చి, ఆగి ఉన్న పిడుగుని చూసి, పెట్టి పుట్టాలి అని నిట్టూర్చి పోయేది.

అంతకుముందు ఇలా ఉండేది కాదు. పిడుగుకి ఏడాదిన్నర నిండాక తల్లి సెలవు అయిపోయి మళ్లీ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పనిలో చేరింది. చేరిన మొదటి రోజే పిల్ల ఇల్లు పీకి పందిరేసింది. తల్లి కాలు పట్టుకుని మెట్ల మీద ఒక అంతస్తు దాకా జారుతూ వచ్చింది. రెండో రోజు చెప్పు ఒకటి కిటికీలోంచి విసిరేసింది. మూడో రోజు నుంచి అత్తగారు కిటికీ దగ్గర పిచ్చుకల్ని చూపిస్తుంటే తల్లి దొంగలా జారుకునేది. తెలిశాక పిడుగు మంచం కింద, బీరువాలో, బట్టల బుట్టలో అమ్మని వెతికేదట. బుట్ట మూత తీసి లోపలికి "అమ్మా" అని పిలిచేదట. సాయంత్రం అత్తగారు ఆ సంగతి చెప్పిన రోజున పిడుగు తల్లి అన్నం తినకుండానే లేచిపోయింది.

ఆ మర్నాడు హడావిడిలో నోటికొచ్చిన మాట అది. ఒక్క నిమిషం, ఇప్పుడే వచ్చేస్తా. ఏ తల్లి అనదు కనక? పిల్లలకి ఆ మాట చెప్పినవాళ్లు వీధికి వందమంది ఉంటారు గానీ, పిడుగు నమ్మినంతగా నమ్మినవాళ్లు లేరు. సాయంత్రం ఇల్లు చేరేసరికి పిల్ల గుమ్మంలో, పొద్దున్న వదిలినచోటే, కళ్లు కూడా ఎర్రబడకుండా నిలబడి ఉంది. తల్లి సంచి దింపి పిల్లని ఎత్తుకుంది. ఆ రాత్రి తృప్తిగా తింది.

ఉద్యోగం కోసం అన్న మాట ఉద్యోగం దగ్గరే ఆగి ఉంటే ఆమెకి అంత బాధ ఉండేది కాదేమో. రుచి మరిగిన పిల్లి ఉట్టి వంక చూడకుండా ఉండదు. పిడుగు తండ్రి గూడ్సు బండి గార్డు, వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. ఆ రెండు రోజుల్లో ఒకసారి సినిమాకి వెళ్దామంటే గుమ్మంలో ఆ మాట అంది. తలంటుకోడానికి అంది. ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతుంటే పిల్ల వైరు పట్టుకు లాగిందని అంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఏ పనీ లేకుండానే అంది. అని, డాబా మెట్ల మీద కూచుని, రెండు గంటలు ఉత్తినే ఆకాశం చూసింది. ఆ రెండు గంటలూ ఎంత సుఖంగా ఉందో ఆమెకి ఇప్పటికీ గుర్తు. సుఖంగా ఉందన్న సంగతే ఎవరికీ చెప్పుకోలేకపోయింది. తేలు కుట్టిన దొంగలా కిందికొచ్చి, "వచ్చేశావా" అన్న పిల్లకి అడక్కుండానే రెండు బిస్కెట్లు ఇచ్చింది.

అలా రెండేళ్లు గడిచాయి. పిడుగుకి మూడున్నరేళ్లు వచ్చాయని కాగితాలు చెప్పాయి. కిందటేడు కొన్న చెప్పులు మాత్రం ఇంకా బిగుతవలేదు, అరగలేదు. గట్టి పిల్ల, చెప్పులు అరగదీయదు అని తల్లి అందరికీ చెప్పేది, తనకి కూడా.

ఒక ఉదయం పిడుగు చెప్పుల అరమీదికెక్కి అక్కణ్ణించి ఎగరబోయి పడింది. మణికట్టు వాచింది. తల్లి ఆ రోజు ఆ మాట అనకుండా పిల్లని చంకనేసుకుని ఆసుపత్రికే తీసుకుపోయింది. ఎక్స్‌రే గదిలో పిడుగు ఊరుకుంటుందా? సీసపు ఏప్రాన్ నెత్తి మీద వేసుకుంది, బల్ల ఎక్కింది, దిగింది, మీటలన్నీ తనకే కావాలంది. రోజుకి అరవైమందిని కదలకండి అంటూ నిలబెట్టే మనిషి తన కూతురి చేతిని అరసెకను నిలబెట్టలేకపోయింది. బయట జనం బారులు తీరి ఉన్నారు. ఆమె వంగి, ఆ ముక్కు మీద ముద్దు పెట్టి, ఆ మాటే అని, అద్దం వెనక్కి వెళ్లి మీట నొక్కింది. ఆ ఏడాది మొత్తం మీద అంత స్పష్టంగా వచ్చిన ఫిల్ము ఇంకోటి లేదు.

అద్దం వెనకే కూచున్న పెద్ద డాక్టరు దాన్ని వెలుతురు పెట్టె మీద పెట్టి చూశాడు. పాతికేళ్లుగా నీడలు చదివిన మనిషి. ఎముక విరగలేదు, కట్టు కడితే చాలన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకుని ఫిల్ము తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వయసెంతమ్మా?"

"మూడున్నర, సార్."

"కాదు," అన్నాడాయన. మణికట్టులో చిన్న ఎముకలు పుట్టుకతో కనబడవు, వయసుతోపాటు ఒక్కొక్కటే మచ్చలా తేలతాయి. ఈ సంగతి ఆమెకీ తెలుసు. ఈ పిల్లకి రెండే ఉన్నాయి. మూడోది ఈపాటికి తేలాలి, ఆవగింజంతైనా లేదు. డాక్టరు వేలితో ఖాళీ చోటు చూపించి, ఎనిమిది నెలలు వెనకబడి ఉందన్నాడు. ఆ తరవాత, జ్వరం ఉందా అని అడిగినంత మామూలుగా అడిగాడు.

"ఇంట్లో ఎవరైనా ఒక్క నిమిషం అంటారా?"

ఆమె తల వంచుకుంది. నేనే అంటాను అని నోటితో చెప్పలేదు గానీ, ఆ తల వంచుకోవడంలోనే ఆయనకి జవాబు దొరికింది.

"మా ఆవిడా అనేది. మావాడు కాగితాల ప్రకారం ముప్ఫయ్యో ఏట పెళ్లి చేసుకున్నాడు, వాడికి ఇరవై ఎనిమిదే. పిల్లలకేం నష్టం లేదమ్మా. వాళ్లకి అది నిమిషమే. నీ వయసు మాత్రం ఆగదు గదా. అది నీ ఈడుకొచ్చేసరికి నువ్వు ఉండాల్సినదానికంటే ఎనిమిది నెలలు ముసలిదానివి. దానికి నీతో గడిపే కాలం ఆ చివర అంత తగ్గిపోతుంది."

ఇంకో రోగి ఫిల్ము అందుకుని ఆయన తన పనిలో పడిపోయాడు. ఆమె ఆ ఎనిమిది నెలలూ ఎక్కడ పోయాయో లోలోపల వెతుక్కుంది. ఎక్కువ భాగం ఈ గదిలోనే పోయాయి, పొట్ట కూటికి. అది ఒప్పుకోగలిగింది. డాబా మెట్ల మీద రెండు గంటల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆమె మనసు ముందుకి కదల్లేదు. అద్దం అవతల పిడుగు ఇంకా బల్ల మీద చెయ్యి చాపి ఆగే ఉంది. బయట జనం విసుక్కుంటున్నారు. వెళ్లి ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"వచ్చేశావా," అంది పిడుగు.

ఆ సాయంత్రం అత్తగారికి చెప్పింది, రేపటినుంచి ఆ మాట అననని. అత్తగారు మోకాళ్లు రాసుకున్నారు. పిడుగు వెనకాల రోజంతా పరిగెత్తే వయసు తనది కాదని, ఆ సంగతి ముందే చెప్తున్నానని అన్నారు. తరవాత గొంతు తగ్గించారు.

"నాకూ హాయిగానే ఉండేదమ్మా. అందుకే ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. ఎండలోంచి నీడలోకి జరిపాను, అదే పెంపకం అనుకున్నాను. దానికి ఒక్క కథ చెప్పి రెండేళ్లయింది."

కోడలు అత్తగారి పక్కన కూచుని ఆ మోకాళ్లకి తైలం రాసింది.

మర్నాడు ఏడుంపావుకి కిటికీ తెరుచుకుంది, చెప్పులు పాలు తాగాయి. తల్లి గుమ్మంలో వంగలేదు, నేల మీద కూచుంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చెప్పింది.

"అమ్మ పనికి వెళ్తోంది. సాయంత్రం వస్తుంది."

"ఒక్క నిమిషమా?"

"కాదు తల్లీ. చాలాసేపు. నువ్వు అన్నం తిని, నిద్దరోయి, లేచి, ఆడుకుని, ఇంకా ఆడుకుంటే అప్పుడు వస్తా."

పిడుగు ఆ మాటలన్నీ విని, కొంచెం ఆలోచించి, తనకి అందులో ఏదీ నచ్చలేదని నిర్ణయించుకుంది. ఆ ఏడుపుకి కింది వాటాలో కవలలు కూడా అందుకున్నారు. పిడుగు తల్లి భుజం కొరికింది, సంచి లాగింది, గుమ్మానికి అడ్డంగా పడుకుంది. ఆమె పిల్లని దాటి మెట్లు దిగింది. కన్నబిడ్డని దాటి పోయిన కాలు కాలేనా అని ప్రతి మెట్టు దగ్గరా అనిపించింది. బస్సు స్టాపు దాకా ఆ ఏడుపు వినబడుతూనే ఉంది. బస్సెక్కాక కూడా వినబడింది, అది చెవిలో మిగిలిందో వీధిలోంచి వస్తోందో తేల్చుకోలేకపోయింది. రెండేళ్లుగా పిల్ల ఏడవాల్సిన ఏడుపంతా ఒక్క ఉదయమే ఏడుస్తోందనుకుంది.

పదింటికి ఫోను చేస్తే నలభై నిమిషాలు ఏడ్చిందన్నారు అత్తగారు. పన్నెండింటికి చేస్తే బట్టల బుట్ట మూత తీసి చూసిందన్నారు. ఆ మాట విన్నాక ఆమె ఎదుటి రోగికి ఊపిరి బిగపట్టమని చెప్పి, వదలమని చెప్పడం మర్చిపోయింది. ఆయన పాపం ఎర్రబడిపోయి, సైగలు చేసి గుర్తుచేశాడు. మూడింటికి చేస్తే అత్తగారు రొప్పుతూ, ఇప్పుడు మాట్లాడే తీరిక లేదని పెట్టేశారు.

సాయంత్రం ఆమె మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. గుమ్మంలో ఎవరూ ఆగి లేరు. ఇల్లంతా తుఫాను వెలిసినట్టుంది. దిండ్లు నేల మీద, గిన్నెలు మంచం మీద. గది మధ్యలో పిడుగు బోర్లా పడుకుని బట్టల క్లిప్పులు ఒకదానికొకటి తగిలిస్తోంది. నాన్న గూడ్సు బండి అట. కిటికీ దగ్గర బయల్దేరి, కుర్చీ కాళ్ల మధ్యనుంచి వంటింటి వైపు పోతోంది. నిన్నటిదాకా క్లిప్పు నొక్కడమే చేతకాని పిల్ల. ఎప్పుడు నేర్చుకుంది? మొదటి క్లిప్పు పట్టు దొరికినప్పుడు మొహం ఎలా వెలిగిందో తను చూడలేదు. ఇక ఎప్పటికీ చూసే వీలూ లేదు. ఆ దిగులు, ఆ సంబరం రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"తల్లీ," అని పిలిచి, సంచి భుజాన ఉండగానే చేతులు చాపింది.

పిడుగు తలెత్తలేదు. క్లిప్పు పట్టుకున్న నాలుగు వేళ్ల మీదే చూపు పెట్టి, "ఒక్క నిమిషం అమ్మా. ఇప్పుడే వచ్చేస్తా" అంది.

ఆ మాట అనే హక్కు ఈ లోకంలో ఎవరికైనా ఉంటే ఆ పిల్లకే ఉంది. తల్లి నమ్మింది. పిడుగు ఎలా నమ్మేదో అంతగా నమ్మింది.

రెప్ప వాల్చి ఎత్తేసరికి పిడుగు ఎదురుగా నిలబడి ఆమె చేతిని లాగుతోంది. కిటికీ అవతల వీధి దీపాలు వెలిగాయి. భుజాన సంచి లేదు, మేకుకి తగిలించి ఉంది. కాళ్లకి చెప్పులు లేవు. తలుపు దారికి అడ్డం లేకుండా తనని ఎవరో రెండడుగులు గోడవైపు జరిపారు. గూడ్సు బండి వంటింట్లోకి పోయి, తిరిగొచ్చి, ఆమె పాదాల చుట్టూ ఒక చుట్టు తిరిగి ఉంది.

"గంటన్నర నిలబడ్డావు," అన్నారు అత్తగారు వంటింట్లోంచి. "కాళ్లు పీకుతున్నాయా?"

"లేదత్తయ్యా. ఒక్క నిమిషమే అయింది."

గంటన్నర సేపు ఆమె వయసు ఆగింది. పిడుగుది ఆగలేదు. డాక్టరు చెప్పిన ఆ ఎనిమిది నెలల తేడాలో గంటన్నర తగ్గిందని ఆమెకి కాసేపటికి తట్టింది. తట్టగానే ఏడుపు తన్నుకొచ్చింది. పిడుగు కట్టు ఉన్న చేత్తో ఆమె చెంప తుడవబోయి, ముక్కు పొడిచింది.

"ఏడవకు. వచ్చేశాగా," అంది. అంతలోనే కిటికీ వైపు చూసి, "ఇంకో పెట్టె తగిలించాలి. ఒక్క నిమిషం, అమ్మా?"

"సరే తల్లీ," అంది ఆమె. కళ్లు తుడుచుకుని, దారికి అడ్డం లేకుండా ఈసారి తనే గోడవైపు జరిగి నిలబడింది.