కాళ్లకిచ్చిన నీళ్లు

నా అంత బుద్ధితక్కువవాడు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఇంకొకడు లేడు. గూడ్సు ఆఫీసులో గుమాస్తాగిరీ చేసుకుని పడి ఉండక, మద్రాసు పత్రికకి యాత్రావ్యాసం రాశాను. పేరు కూడా ఘనంగానే పెట్టాను: 'అడవి మనుషుల నడుమ మూడు దినములు'.

అడవీ లేదు, నా మొహమూ లేదు. తఖత్‌పూర్ దాటాక వరిపొలాల మధ్య ఉన్న పల్లె అది. లైను మీద గ్యాంగులో పనిచేసే బుధారు దసరాకి తన ఇంటికి రమ్మంటే వెళ్లాను. గుమ్మంలోనే అతని కూతురు సుక్వారా చెంబుతో నీళ్లు తెచ్చి నా కాళ్లు కడిగింది. మూడు రోజులూ వాళ్లు గంజి తాగి నాకు అన్నం పెట్టారు.

తిరిగొచ్చి నేను రాసిందేమిటి? 'నన్ను దేవుడనుకుని ఒక అడవిపిల్ల వణకుచు నా పాదములు కడిగినది.' ఛీ! విజయనగరం దగ్గర మా ఊళ్లో చుట్టం వస్తే మా అమ్మ చేసేదీ అదేగా! అచ్చులో నా పేరు చూసుకుని మురిసిపోతున్నప్పుడు ఆ సంగతి గుర్తే రాలేదు.

వ్యాసం పడుతోందని ఆఫీసంతా నేనే చాటుకున్నాను. పత్రిక వచ్చిన ఆదివారమే బుధారు మా క్వార్టరుకి వచ్చాడు. నా భార్య అచ్చియమ్మ చెంబుతో నీళ్లు పట్టుకెళ్లి, "కాళ్లు కడుక్కో అన్నా" అంది.

పదేళ్లుగా తెలుగువాళ్ల గ్యాంగులో ఉన్నాడు కనక బుధారుకి మన మాట వచ్చు. చదువే రాదు.

"మా ఇంటి గురించి రాసినావంట కదా బాబూ. సదువు, ఇంటాను" అన్నాడు.

చదివాను. అందులో ఉన్నది కాదు. నోటికొచ్చిన మంచిమాటలన్నీ అల్లేశాను. అతను మహా మర్యాదస్థుడన్నాను, అతని ఇల్లు అద్దంలా ఉందన్నాను.

"అచ్ఛా! మా సుక్వారా పేరు ఏసినావా?"

"వేశాను."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ కాగితం ఇయ్యి బాబూ" అన్నాడు. ఇవ్వననడానికి ఒక్క సాకూ తోచలేదు. చించి ఇచ్చాను. మడిచి తలపాగాలో దోపుకున్నాడు.

"సుక్వారా నిన్ననే ఊరునుంచి ఒచ్చింది. మా మేస్త్రీ గోవిందరావుకి సదువొచ్చు కదా. సాయంత్రం ఆయన డ్యూటీ దిగేక మళ్లీ సదివించి, దానికి మా మాటలో సెప్తాను" అని దండం పెట్టి వెళ్లాడు.

అచ్చియమ్మ ఆ వ్యాసం పొద్దున్నే చదివింది.

"కూకున్నారేటి? ఎల్లండి. ఆ పిల్ల ఇనకముందే మీ నోటితో సెప్పండి" అంది.

"ఏమని చెప్పను?"

"రాసిందే సెప్పండి. రాసినప్పుడు లేని సిగ్గు ఇప్పుడేటి?"

చెప్పులు తొడుక్కుని గుమ్మం దాకా వెళ్లాను. వీధి చివర బుధారు ఇంకా కనబడుతున్నాడు. గట్టిగా పిలిస్తే వినబడుతుంది. నోరు తెరిచాను. పిలవలేదు.

లోపలికొచ్చి చెప్పులు విడిచి కూర్చున్నాను. అయిదింటికి ఇంజన్ల షెడ్డు కూత వినిపించింది. గోవిందరావు డ్యూటీ దిగాడు.