మూడో అంతస్తు పొయ్యి

విశ్వనాథం ఓడ అడుగున వెల్డింగు చేస్తూ చేస్తూ కడుపు పట్టుకుని కూలబడ్డాడు. మధ్యాహ్నం తిన్నదంతా కక్కేశాడు. తెల్లవారకముందే పొట్లం కట్టి ఇచ్చిన అన్నం అది, పన్నెండింటికి విప్పేసరికి సాంబారు నురగలు కడుతుంది. ఆ పొట్లాలే తినాలని కంపెనీ రూలు. సూపర్‌వైజరు కృష్ణప్రసాద్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, ఒక మాత్ర ఇచ్చి, మళ్లీ ఓడలోకి దిగమన్నాడు. మనవాడే, తెలుగువాడే. మనవాడు కదా అని ఇన్నాళ్లూ నోరు మూసుకున్న వాళ్లంతా ఆ దృశ్యం కళ్లారా చూశారు.

ఆ సాయంత్రమే, పరాయి దేశం నుంచి వచ్చిన కూలీలుండే జురాంగ్ వెస్ట్ డార్మిటరీలో మూడో అంతస్తు తిరగబడింది. వంద మంది మెట్ల మీద మీటింగు పెట్టుకుని, రేపటి నుంచి పొట్లం ముట్టేది లేదు, మన కూడు మనమే వండుకుంటామని తీర్మానించారు. వంటకి పెద్దగా ఏసుబాబుని ఎన్నుకున్నారు. కోనసీమ కుర్రాడు, వచ్చి రెండేళ్లు కూడా కాలేదు.

రెండో అంతస్తులో ఉన్న పెద్దిరాజుకి ఆ కబురు తెలిసి ఒళ్లు మండిపోయింది. ఎనిమిదేళ్ల సీనియరు తను. టెక్కలి చుట్టుపక్కల పెళ్లిళ్లలో వెయ్యేసి మందికి వండిన చెయ్యి తనది. గంజి వార్చడమైనా రాని ఏసుబాబుకి గరిటె ఇస్తారా? తనని ఒక్క మాట అడగరా? అడిగితే కాదనేవాడేమో, అది వేరే సంగతి. కనీసం అడగాలి కదా. ఆ ఉక్రోషంతోనే రెండో అంతస్తు వాళ్లెవరూ పైకి పోకుండా చూశాడు. మూడో అంతస్తు వేరే రాష్ట్రమైపోయింది, వీసా తెచ్చుకుని వెళ్లండిరా అని ఎద్దేవా చేశాడు.

పైవాళ్లు చందాలేసుకుని ఆరు కరెంటు కుక్కర్లు కొన్నారు. అంతా ఆ ప్లగ్గుల మీదే నమ్మకం పెట్టుకున్నారు. అదే వాళ్లు చేసిన తప్పు. వారం తిరక్కుండా కృష్ణప్రసాద్ మూడో అంతస్తుకి కరెంటు పీకేశాడు. కంప్యూటర్లు రెండువేల సంవత్సరంలో తలకిందులవుతాయని లోకమంతా గోల పెడుతున్న డిసెంబరు అది. ఆ తనిఖీ కోసమే లైను ఆపామని నోటీసు అంటించాడు. కిందా పైనా వెలుగుతున్న లైట్లకి మాత్రం ఏ తనిఖీ అక్కర్లేకపోయింది.

మూడో అంతస్తులోని కరీంనగర్ ఉపేంద్ర ఆదివారం సెరంగూన్ రోడ్డు గుళ్లో సుధాకరరావుని పట్టుకుని ఈ సంగతి అడిగాడు. ఆయన బుకిట్ బటోక్‌లో ఉంటాడు, బ్యాంకు కంప్యూటర్లు బాగుచేస్తాడు. విని నవ్వాడట, ఫ్యాను స్విచ్చికి ఆ జబ్బు రాదన్నాడట. అదే కాగితం మీద రాసివ్వండి సార్ అంటే మాత్రం, నా పేరు ఎక్కడా చెప్పకయ్యా అని చెప్పులేసుకున్నాడట. చదువుకున్నవాళ్లకి నిజం తెలుస్తుంది, చెప్పడానికే తీరిక ఉండదు.

ఇక్కడ చలికాలమంటే వానాకాలమే. రోజంతా కురుస్తుంది. తడిసి వచ్చిన బట్టలు ఆరవు, ఫ్యాన్లు తిరగవు, దోమలు పీకేస్తాయి. మూడో అంతస్తు లొంగిపోతుందని అందరూ అనుకున్నారు. పెద్దిరాజు గట్టిగా కోరుకున్నాడు కూడా. వాళ్లు లొంగలేదు. ఓడల యార్డులో పారేసిన ఇనప డ్రమ్ముని కోసి పొయ్యి చేశారు. సరుకుల చెక్కపెట్టెలు విరగ్గొట్టి కట్టెలు చేశారు. పెరట్లో షెడ్డు కింద, కుక్కర్ల లోపలి గిన్నెలే మంట మీద పెట్టారు. పల్చటి గిన్నెలు, అడుగంటింది. మాడిన అన్నమే గుండ్రంగా కూర్చుని, ఒకరి కంచంలో ఒకరు చెయ్యి పెట్టి తిన్నారు. ఏసుబాబు ఏదో అన్నాడు, అందరూ ఒక్కసారిగా నవ్వారు.

పెద్దిరాజు పై నుంచి చూస్తున్నాడు. లైటు కింద, ఫ్యాను కింద, పొట్లం ముందు పెట్టుకుని ఒంటరిగా ఉన్నాడు. చీకట్లో మాడన్నం తినేవాళ్లని చూసి ఇంత కుళ్లుకోవడమేమిటో అతనికే అంతుపట్టలేదు. మర్నాడు పొద్దున్న కృష్ణప్రసాద్ పక్కకి పిలిచి, డ్రమ్ము ఎవరు పెట్టారో చెబితే ఫోర్‌మన్‌ని చేస్తానన్నాడు. నిప్పు పెట్టినవాడికి పని పర్మిట్ రద్దు, అదే రోజు ఇంటికి విమానం. ఇదంతా తెలిసే పెద్దిరాజు ఏసుబాబు పేరు చెప్పాడు. ఫోర్‌మన్ పని కోసం కాదు. ఆ నవ్వు కోసం.

సాయంత్రం మళ్లీ మాడు వాసన వచ్చింది. పెద్దిరాజు మంచం మీద కూర్చోలేకపోయాడు. అన్నాన్ని అలా హింసిస్తుంటే వంటవాడన్నవాడు భరించగలడా? గబగబా దిగాడు. డ్రమ్ము మీద ఇనప రేకు పరిచి, దాని మీద ఇసక పోయించి, ఇసకలో గిన్నెలు కుదురుగా కూర్చోబెట్టాడు. ఎవరూ ఎందుకొచ్చావని అడగలేదు. ఏసుబాబు గరిటె అతని చేతికిచ్చాడు.

"మొదటి రోజే నిన్ను పిలుద్దామన్నాను బాబాయ్. నువ్వు సీనియరువి కదా, మేం పిలిస్తే చిన్నతనంగా అనుకుంటావేమోనని మావోళ్లు జంకారు."

పెద్దిరాజు తల ఎత్తలేదు. పొగ కళ్లలోకి వచ్చిందనుకున్నారు.

గంజి వార్చే వేళకి వ్యాను వచ్చింది. కృష్ణప్రసాద్ ఇద్దరు గార్డులతో దిగి, నేరుగా ఏసుబాబు దగ్గరికి నడిచి, సామాను సర్దుకోమన్నాడు. ఏసుబాబు చేతులు తుడుచుకుని సరే అన్నట్టు ముందుకొచ్చాడు. వంద మంది ఏసుబాబుకేసి చూసిన చూపు పెద్దిరాజు చూశాడు. తల్లి కూడా తనని ఎప్పుడూ అలా చూడలేదు. చేసిన పాపం ఒక పక్క కోస్తోంది, ఈ గౌరవం కూడా వీడికేనా అనే మంట ఇంకోపక్క. రెండూ కలిసి అతన్ని ముందుకి తోశాయి.

"ఈ పొయ్యి నాది. నిప్పెట్టింది నాను," అన్నాడు. "పొద్దుటేల నీకు సెప్పింది అబద్దం. ఆడి మీద కుళ్లుతో సెప్పినాను."

వాన కురుస్తూనే ఉంది. ఉపేంద్ర పిడికిలి బిగించి రెండడుగులు వేశాడు. ఏసుబాబు అడ్డం నిలబడ్డాడు.

"తర్వాత మనలో మనం తేల్చుకుందాం. ముందు వ్యాను సంగతి చూడండి."

గార్డులు పెద్దిరాజుని వ్యానెక్కించారు. ఎవడో ఒకడు పోతే చాలు కృష్ణప్రసాద్‌కి. వ్యాను కదలబోయేసరికి ఏసుబాబు వెళ్లి దాని ముందు బురదలో కూర్చున్నాడు. పక్కన ఉపేంద్ర. వెనక మూడో అంతస్తంతా. మెట్ల మీద చప్పుడైంది. రెండో అంతస్తు దిగుతోంది. ఇన్నాళ్లూ పెద్దిరాజు ఆపిన వాళ్లందరూ, ఓడలో కూలబడ్డ నాటి నుంచీ కోలుకోని విశ్వనాథం కూడా, వచ్చి కూర్చున్నారు. పర్మిట్లన్నీ రద్దు చేస్తానని కృష్ణప్రసాద్ అరిచాడు.

"చెయ్ సారూ," అన్నాడు ఉపేంద్ర. "రేపు పనికి లారీ ఎవ్వడెక్కడు. గా ఓడ నువ్వే అతికించుకో."

గార్డులిద్దరూ జనాన్ని లాగడానికి దిగారు. ఒకడిని లేపితే ఇంకొకడు కూర్చుంటున్నాడు.

లోపల పెద్దిరాజు మెత్తటి సీటు మీద పొడిగా ఉన్నాడు. అద్దంలోంచి ఏసుబాబు వీపు కనిపిస్తోంది, అందరికన్నా ముందు. ఇక్కడా వాడే ముందా? తన కోసం జరిగే గొడవలో తానొక్కడే లేకపోవడమా? తలుపు లాగి దిగాడు. జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఏసుబాబు పక్కన బురదలో చతికిలబడ్డాడు. తర్వాత ఒక జానెడు ముందుకి జరిగాడు.

ఏసుబాబు చూసి తనూ జానెడు జరిగాడు. వెనక రెండొందల మందీ జరిగారు. వ్యాను డ్రైవరు వెనక గేరు వేశాడు.