నాలుగు కొమ్ములు

నరసింహం లెక్కల అయ్యవారు. రిటైరై పదేళ్లయింది గానీ, తన మాటే నెగ్గాలనే గుణం మాత్రం ఇంకా రిటైరు కాలేదు. ప్రొద్దుటూరులో బట్టలు కుట్టే జియావుల్లా ఆయనకు ముప్పై ఐదేళ్ల స్నేహితుడు. నెలకో ఆదివారం ఇద్దరూ మొదటి బస్సుకే మైదుకూరు చేరి, లంకమల అభయారణ్యంలో పడి నడిచేవాళ్లు. ఒక చిత్రాన్నం డబ్బా, ఒక బైనాక్యులర్, ఒక నోటుపుస్తకం. పుస్తకానికి నరసింహం పెట్టిన రూలు ఒకటే: ఇద్దరూ చూసిందే అందులో ఎక్కాలి. ఒక్కడి కళ్లు మోసపోవచ్చునట!

ఎంత మంచి రోజులవి! ఎలుగుబంటి తవ్విపోసిన పుట్ట కనబడితే, ముందు నువ్వు నడువంటే నువ్వు నడువని అక్కడే వాదులాడుకునేవాళ్లు.

ఇరవై రెండేళ్ల కిందట ఒకనాడు నరసింహం కాల్లో ముల్లు తీసుకుంటుంటే, అడవిలో పారే వంక మలుపు నుంచి జియావుల్లా రొప్పుతూ వచ్చాడు.

"అయ్యోరూ, నాలుగు కొమ్ముల జింకప్పా! ముందరివి అంగుళమున్నర, ఎనకవి నాలుగంగుళాలు!"

"నాలుగు కొమ్ములా? పోయి కండ్లద్దాలు మార్చుకో జియా. రెండు నీకు నాలుగు కనపడినాయి."

టేపు పట్టకుండానే మనిషి కొలతలు చెప్పే దర్జీ కళ్లవి. వాటినా ఎగతాళి చేసేది?

"రాయొద్దులే. ఒక గీత ఖాళీగా ఇడిచిపెట్టు" అని మాత్రం అన్నాడు జియావుల్లా. ఆ తర్వాతా అడవికి వచ్చాడు గానీ, ఏది కనబడినా మళ్లీ వేలెత్తి చూపలేదు.

కొన్నేళ్లకు ఒక పుస్తకంలో అదే జింక బొమ్మ చూసి నరసింహం సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా నోరు పెగల్లేదు. ఈలోగా షుగరు జియావుల్లా చూపును తినేసింది.

ఈ మాఘంలో నరసింహం పట్టుబట్టి ఆయన్ను బయల్దేరదీశాడు.

"నేను చూసేదేముంది? నన్నెందుకు పిలుచుకపోతాండావు?"

"నడిచేకి కండ్లెందుకు? నా బుజం పట్టుకో."

అదే వంక మలుపులో కూర్చున్నారు. ఎండుటాకుల అలికిడి ముందు జియావుల్లాకే వినబడింది. స్నేహితుడి భుజం నొక్కాడు. నరసింహం బైనాక్యులర్ ఎత్తాడు. నీటి మడుగు దగ్గర ఒంటరి జింక తలెత్తింది. కొమ్ముల ముందు మరో రెండు చిన్న కొమ్ములు!

"జియా, అదే!"

"కొలత చెప్పు."

"ముందరివి అంగుళమున్నర. ఎనకవి నాలుగు."

జింక పొదల్లోకి దూకింది. నరసింహానికి ఏడుపు ఆగలేదు.

"తప్పు నాదేనప్పా. నీ కండ్లను నవ్వులాట చేసినా. ఇన్నేండ్లూ చెప్పేకి నోరు రాల్యా."

"శానా కష్టమనిపించిండె అయ్యోరూ" అన్నాడు జియావుల్లా. తర్వాత నవ్వాడు. "అయినా రాసేకి లేదులే. ఈ పొద్దు చూసింది నువ్వొక్కడివే గదా."

నరసింహం నోటుపుస్తకంలో ఆనాటి పాత పేజీ తీశాడు. ఖాళీ గీత అలాగే ఉంది. రాసి, పైకి చదివాడు: "నాలుగు కొమ్ముల జింక. చూసినవాళ్లు జియావుల్లా, నరసింహం. ఇద్దరు."

"తారీఖు?"

"నీదే ఏసినా."

తిరిగి వస్తుంటే ఎక్కడో నెమలి అరిచింది. జియావుల్లా చప్పున వేలెత్తి చూపాడు. "ఆడ చూడు అయ్యోరూ, నెమలి!"

నరసింహం ఆ వేలి వెంబడి చూశాడు. కంపచెట్లు తప్ప ఏమీ కనబడలేదు.

"చూసినాలే జియా" అని, పుస్తకం తీసి రాసుకున్నాడు.