వర్జ్యము దాఁటిన పసికందు

వైశాఖమాసపు మధ్యాహ్నము. ప్రచండమార్తాండకిరణసంతప్తమగు గోదావరీసైకతము పెనమువలెఁ గాఁగుచుండ వడగాలికి వెఱచి కాకులు సైతము కొమ్మలు విడువక యుండ లోకమంతయుఁ జల్లఁదనమునకై యఱ్ఱులు సాఁచుచున్న యా వేళ నదీతీరపట్టణమందలి శిశువైద్యశాలలో నొక పసికందునకుఁ జలువ నొసఁగవలెనా వలదా యని వకుళ యను యువవైద్యురాలు తల పట్టుకొని కూరుచుండెను.

ఆ శిశువు పుట్టఁగానే యేడువలేదు. ప్రాణవాయువు చాలక మెదడునకు దెబ్బ తగిలినది. అట్టి శిశువుల దేహమును మూఁడు దినములు నియమితముగాఁ జల్లబఱచి యుంచినచో హాని కొంత తగ్గును గాని జననమైన యాఱు గంటలలోపలనే యా చికిత్స నారంభింపవలయును. అందైదు గంటలు గడచిపోయినవి. పల్లెయాసుపత్రివారు వెంటనే తరలుఁడని మొత్తుకొన్నను శిశువు నాయనమ్మయగు సూరాయమ్మ బండిని గదలనీయలేదు.

"వర్జ్యంలో పసిగుడ్డుని గడప దాటిత్తామా అండి? అది పోయాకే బయల్దేరామండి" అని యామె నిబ్బరముగాఁ జెప్పుచుండ వకుళకు నరికాలిమంట నెత్తికెక్కెను.

"పంచాంగం చూసుకుంటూ కూర్చున్నారా! బంగారంలాంటి గంటలు మింగేశారు కదమ్మా!"

కసరినదే కాని తానైనఁ జికిత్స నారంభించినదా? లేదు. శిశువు లక్షణములు త్రాసుముల్లువలె నూఁగులాడుచుండెను. ఒకమాఱు చేతులు వ్రేలవైచి నిశ్చేష్టమై పడియుండును. మఱుక్షణమున వ్రేలు నోట నిడిన మెల్లఁగాఁ జప్పరించును. దెబ్బ స్వల్పమైనచోఁ జలువ వలన మేలు కలుగునో లేదో, గుండె మాత్రము మందగించును. దెబ్బ పెద్దదైనచో జాగే కీడు. ఇంతకును పెద్దవైద్యుని సెలవు లేక యా శాలలో నెవ్వరును జలువపఱుపు జోలికిఁ బోరాదు. ఆయనయో "లక్షణాలు స్పష్టంగా తేలాక చెప్పమ్మా, తొందరపడకు" అని ఫోను పెట్టివేసెను. తేలుట యనఁగా మూర్ఛ వచ్చుటయే కదా! ఇల్లు కాలుచుండ నూయి త్రవ్వుమనుట గాక యిది యేమి యని వకుళ పండ్లు కొఱికికొనుచు మఱల శిశువును బరీక్షించెను. మఱలఁ గడియారముఁ జూచెను. మఱల ఫోను చేసెను. అది మ్రోఁగి మ్రోఁగి యూరకుండెను.

వాకిట నిలిచి యిదియంతయుఁ గనుచున్న సూరాయమ్మ తుదకు నోరు విప్పెను.

"మేవంటే సదువులేనోళ్ళం, వర్జ్యం సూసుకున్నాం. మరి తవరేం సూత్తన్నారండి డాట్రమ్మగారూ?"

ఆ మాటలో వెక్కిరింత లేదు. నిజముగాఁ దెలియకయే యడిగినది. వకుళ మొగము కందిపోయెను. శాస్త్రము పేరఁ దానును సుముహూర్తమునకే కాచుకొనియుంటినని తోఁచి యామెకుఁ దన మీఁదనే రోఁత పుట్టెను.

"కూలింగ్ పరుపు సిద్ధం చెయ్యండి సిస్టర్. సార్‌కి నేను చెప్పుకుంటాను."

గడువు తీఱక మునుపే యా చిన్నిదేహము చల్లబడసాఁగెను. ఆ నిర్ణయము సరియైనదో కాదో బిడ్డ నడచి మాటలాడు నాఁటికిఁ గాని తెలియదు. సూరాయమ్మ దరిసి మనుమరాలి పాదము ముట్టి యులికిపడెను. కప్పరాదని యెంత చెప్పియున్నను నలవాటుచొప్పునఁ జెఱఁగు లాగెను. వకుళ యదలింప నోరు తెఱచినది. ఇంతలో ముసలిది తడఁబడి చేయి వెనుకకుఁ దీసికొని యా చెఱఁగును దన భుజములచుట్టుఁ గప్పికొని యంత వేసవియందును వడవడ వణఁకుచు నక్కడనే చతికిలఁబడెను.