కొండ మీది ఎండ

ఫెయిర్‌బ్యాంక్స్‌లో చలికి ఒక వింత గుణం ఉంది. కొండ ఎక్కేకొద్దీ అది తగ్గుతుంది. బరువైన చల్లగాలి లోయలోకి దిగి అక్కడే పేరుకుంటుంది. కార్ల పొగ, చిమ్నీల ఆవిరి గడ్డకట్టి మంచుపొగై ఊరిని కప్పేస్తాయి. ఆ పొగకు పైన, కొండ మీద, ఎండ కాస్తూ ఉంటుంది.

ఈ సంగతి దేదీప్యకు చెప్పింది సుధే. ఎన్నో ఏళ్లుగా ఆ ఊళ్లో ఉంటున్న సుధ, ఇంత చలి ఎరగని హెర్న్‌డన్ ఊరి నుంచి కొత్తగా వచ్చిన దేదీప్యకు తన పాత కోటు ఇచ్చింది. చలికి కారు ఇంజన్ బిగుసుకుపోకుండా హీటర్ ప్లగ్ పెట్టడం నేర్పింది. ఏడాది తిరక్కుండానే దేదీప్య, ఆమె భర్త పవన్ కొండ మీద ఇల్లు కొనేశారు. సుధ, ఆమె భర్త శ్రీధర్ లోయలోని అపార్ట్‌మెంట్‌లోనే ఉండిపోయారు.

జనవరిలో చలి మైనస్ నలభైకి దిగింది. పట్టపగలు కూడా సుధ కిటికీలోంచి ఎదురిల్లు కనిపించడం లేదు. అప్పుడే ఫోన్‌కి ఫోటో వచ్చింది. డెక్ మీద దేదీప్య, ముఖం నిండా ఎండ. కింద మెసేజ్: "ఇక్కడ మైనస్ పదిహేనే అక్కా! సండే లంచ్‌కి రండి."

"చూడండి, కోటు కూడా వేసుకోలేదు," అంది సుధ.

"వేసుకుందిగా, నీలం రంగుది," అన్నాడు శ్రీధర్.

"జిప్పు పెట్టుకోలేదు."

ఆదివారం కారు కొండ ఎక్కుతుండగా పొగ ఒక్కసారిగా విడిపోయింది. ఒళ్లోకి ఎండ వచ్చి పడింది. సుధకు ఏడుపొచ్చేంత హాయిగా అనిపించింది. ఇది రోజూ దేదీప్య మీద పడుతోందని గుర్తొచ్చి కడుపు మండింది.

భోజనాలయ్యాక సుధ చేతులు కడుక్కోబోతే కుళాయిలో చుక్క రాలేదు. సింక్ కింద బకెట్లున్నాయి. దేదీప్య ముఖం కందిపోయింది.

"ఇక్కడ బోర్ పడదక్కా. ట్యాంక్ ఫిల్ చేయించుకుంటాం. పైప్ ఫ్రీజ్ అయిపోయింది. ప్లంబర్ నెక్స్ట్ వీక్ అంటున్నాడు."

సుధకు సంతోషమేసింది. ఛీ అనుకుంది గానీ సంతోషం పోలేదు.

"స్నానానికి మా ఇంటికి వచ్చేయ్. వేడినీళ్లు ధారగా వస్తాయి," అంది, కొంచెం గొప్పగానే.

ఆ సాయంత్రం దేదీప్య వచ్చి తలస్నానం చేసింది. తలకి తువ్వాలు చుట్టుకుని కాఫీ తాగుతుంటే సుధ ఉండబట్టలేకపోయింది.

"నిజం చెప్పనా? నీ కుళాయి రాకపోతే నాకు హ్యాపీగా అనిపించింది."

దేదీప్య కప్పు దించింది. "ఎందుకక్కా?"

"ఇక్కడికి ముందొచ్చింది నేను. ఎండ నీకొచ్చింది."

"ఆ ఫోటోలు కావాలనే పంపాను," అంది దేదీప్య. "ప్రతిదీ మీ దగ్గరే నేర్చుకున్నాగా. ఒక్కటైనా నాది గొప్పగా ఉండాలనిపించింది."

సుధకు ఒళ్లు మండింది. అయినా లేచి వెళ్లి దేదీప్యకు ఇంకో కప్పు కాఫీ కలిపి తెచ్చింది.

పైపు బాగయ్యేదాకా దేదీప్య రోజూ స్నానానికి వచ్చింది. చలి తగ్గేదాకా సుధ ప్రతి ఆదివారం కొండెక్కింది. తిరిగి పొగలోకి దిగేటప్పుడల్లా కడుపులో కాస్త మండేది. ఆ మాట శ్రీధర్‌కి కాక, దేదీప్యకే ఫోన్ చేసి చెప్పేది.